లూషియస్ టాలివర్ వీపు

లూషియస్ టాలివర్ జనానికి ముఖం చూపించి వాయించడు. అంతే. బాస్ గిటార్ పట్టీ మెడలో పడీపడగానే గిరుక్కున వెనక్కి తిరిగిపోతాడు. ఆ తర్వాత రెండు గంటలసేపు, అమెరికాలో ఆ డేటన్ ఊరి జనానికి కనిపించేదల్లా అతని వీపు, ఆ వీపు మీద మడత నలగని కోటు, దానిపైన గుమ్మడికాయంత గుండ్రటి జుట్టు. ఆరేళ్ళుగా ఇదే వరస. పడమటి పేటలో అతను ఎదురొస్తే ఎవరూ గుర్తుపట్టేవారు కారు. దాటిపోయాక ఎందుకో వెనక్కి తిరిగి చూసి, "అయ్యో, లూషియస్! ఆగాగు!" అని కేకేసేవారు.

అతను వాయించేది వుల్ఫ్ క్రీక్ ఎక్స్‌ప్రెస్ అనే బృందంలో. దరువుతో జనాన్ని చిందులేయించే ఫంక్ సంగీతం వాళ్ళది. మొత్తం పదకొండు మంది. ఆ పదకొండు మందికీ పెద్ద దిక్కు వెర్డెల్ గేన్స్. పాడేదీ ఆవిడే, తిట్టేదీ ఆవిడే. పగలు బడిలో మూడువందల మంది పిల్లలకి వండిపెట్టి, సాయంత్రం ఈ పదిమందినీ అదుపులో పెట్టడానికి వచ్చేది. ఆ మూడువందల మందే నయమని అందరికీ చెప్పేది.

బృందానికి బట్టలు కుట్టే యూలాలీ మొదట్లో అందరికీ ఒకలాగే కుట్టింది. ఏడాది గడిచాక లూషియస్ కోటు ముందువైపు ఉత్త గుడ్డ వదిలేసి, తళుకులన్నీ వీపు మీదే గుమ్మరించింది. మధ్యలో ఉదయిస్తున్న సూర్యుడు, చుట్టూ బంగారు కిరణాలు.

"ఇదేమిటి యూలాలీ, ముందంతా బోసిగా ఉంది?" అంది వెర్డెల్.

"ముందెవరు చూస్తారమ్మా? నా కళ్ళు పోయేట్టు కుట్టింది చీకట్లో కలిసిపోవడానికా?"

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మాయి అతని వీపుకి ప్రేమలేఖ రాసింది. నీ భుజాలు కదులుతుంటే నాకు నిద్ర పట్టడం లేదని నాలుగు పేజీలు. లూషియస్ పొంగిపోయి, ఉన్నవాటిలో మంచి చొక్కా తొడుక్కుని వెళ్ళి కలిశాడు. ఆ పిల్ల కాసేపు పరీక్షగా చూసి, "కొంచెం అటు తిరుగుతారా?" అని అడిగిందట. ఈ కథ అతనే చెప్పుకుని అందరికంటే ముందు నవ్వేవాడు.

ఎందుకు తిరుగుతావురా అంటే మాత్రం సూటిగా చెప్పడు. సాకు చెబుతాడు. ఆ సాకుల్లోనూ ఒక నియమం ఉంది. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పడు.

సిన్సినాటిలో దీపాల వెలుగుకి కళ్ళు మండుతున్నాయన్నాడు. వెర్డెల్ మర్నాడే నల్ల కళ్ళద్దాలు తెచ్చిచ్చింది. బుద్ధిగా పెట్టుకుని, పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే వెనక్కి తిరిగాడు. టొలీడోలో ఎదురుగా ఉన్న ఫ్యాను గాలికి పళ్ళు జివ్వుమంటున్నాయన్నాడు. ఆవిడ ఫ్యాను ఆపించింది. జనం చెమటలు కక్కుకున్నారు గాని ఆ వీపు కదల్లేదు. లూయీవిల్‌లో అయితే మరీను.

"మూడో వరసలో నన్నొదిలేసిన పెళ్ళాం కూర్చుందక్కా!"

"నీకు పెళ్ళెప్పుడైందిరా?"

"కాలేదు. అందుకేగా అంత భయం!"

వెర్డెల్ తలపట్టుకునేది. అప్పుడు ఆవిడకి ఊరట ఇచ్చేది ఒక్క హొజేయా పెటిగ్రూ. ఆయన డ్రమ్ములు వాయిస్తాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు ఇనుప కార్ఖానాలో పెద్ద సమ్మెట యంత్రం దగ్గర పనిచేశాడు, ఈమధ్యే ఇంటికి పంపేశారు. ఆయనకి మిగిలింది ఆ డ్రమ్ములూ, గురువారం రిహార్సలూను. ఆవిడ ఎంత అరిచినా, ఎవరిని తిట్టినా, ఆయన తల ఊపి చల్లగా నవ్వి ఒకే మాట అనేవాడు.

"అవును చెల్లెమ్మా. బాగుంది."

"చూశారా!" అనేది వెర్డెల్ మిగతావాళ్ళతో. "పదిమందిలో నా మాట వినేది ఈయనొక్కడే!"

ఇక ఆ బృందానికో చట్టం ఉంది. ఫంక్ అంతా ఒకటి మీద నడుస్తుంది. నాలుగు దరువుల్లో మొదటిది ఒకటి. మిగతా మూడింటి మీద ఎవరి వేషాలు వాళ్ళు వెయ్యొచ్చు. ఒకటి దగ్గరికొచ్చేసరికి పదకొండు మందీ కలిసి ఒక్క మనిషై దిగాలి. దిగనివాడు, పక్కవాడు చెప్పేదాకా ఆగకుండా తనే చెయ్యెత్తాలి. చెయ్యెత్తి, వెర్డెల్ తిట్లు జనం ముందే తిని, మళ్ళీ అందుకోవాలి. ఏడాదిలో మూడుసార్లు చెయ్యెత్తినవాడు వాయిద్యం సర్దుకుని ఇంటికి పోవాలి. వెర్డెల్ చిన్నప్పుడు పాడిన చర్చి గాయకబృందంలో ఇదే పద్ధతి. దేవుడి దగ్గర చెల్లని తప్పు ఫంక్ దగ్గర ఎలా చెల్లుతుందని ఆవిడ వాదన. ఆ చట్టం కింద ఆవిడ సొంత మేనల్లుడినే పంపేసింది.

పంతొమ్మిదివందల డెబ్బై అయిదు వచ్చేసరికి బృందం పని అయిపోవచ్చింది. పాటల రికార్డులు వేసే కంపెనీ మొహం చాటేసింది. ప్రతి శనివారం వాయించే క్లబ్బువాళ్ళు ఇక మనుషులు అక్కర్లేదని, ఒక మూల రికార్డులు తిప్పేవాణ్ణి కూర్చోబెట్టుకున్నారు. బృందంలో నలుగురికి పగటి పనులు ఊడాయి. వెర్డెల్‌కి నలభై ఆరేళ్ళు. గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా అంచులు చిరుగుతున్నాయి. పదమూడేళ్ళు ఇంతమందిని మోసి చివరికి ఏం మిగిలిందని తనని తనే అడిగేది. పొద్దున్నే బడి వంటింట్లో చిలగడదుంపలు చెక్కుతూ ఏడ్చేది. ఉల్లిపాయలనుకునేవారు తోటివాళ్ళు.

అలాంటి రోజుల్లో న్యూయార్క్ నుంచి హాలొరన్ అనే సినిమా మనిషి దిగాడు. వాళ్ళ కచేరీ మొత్తం సినిమా తీస్తానన్నాడు. నాలుగు కెమెరాలు. ఆదివారం మధ్యాహ్నం, చర్చి వదలగానే, పడమటి పేట సినిమాహాల్లో. జనం చర్చి బట్టల్లోనే రావాలని కబురు చేశాడు.

"ఆడవాళ్ళ టోపీలు నాకు చాలా ముఖ్యం," అన్నాడు. "అందుకే ఒక కెమెరా వెనకాల, డ్రమ్ముల వెనక పెడుతున్నా. అక్కణ్ణుంచి టోపీలన్నీ పడతాయి."

"టోపీలు మావాళ్ళకి బోలెడున్నాయి, బాబూ," అంది వెర్డెల్. ఆవిడ గుండెల్లో ఏడాది తర్వాత మొదటిసారి ఏదో కదిలింది. క్లబ్బు పోతే పోయింది, కంపెనీ పోతే పోయింది. సినిమాలో ఉంటే ఉన్నట్టే కదా. రేపు ఎవరైనా, వీళ్ళిలా వాయించారా అని అడిగితే, ఇదిగో చూసుకో అనొచ్చు.

ఆదివారం పదకొండింటికి హాలొరన్ వేదిక మీద అందరినీ నిలబెట్టి చూసుకున్నాడు. లూషియస్ దగ్గర ఆగాడు.

"ఇతను అటు తిరిగాడేం?"

"వాడంతే," అన్నాడు ట్రంపెట్ వాయించే క్లీఫస్. "వాడి ముఖం మేమే పెళ్ళిళ్ళకీ చావులకీ చూస్తాం."

"కుదరదు. సినిమా అంటే ముఖాలు. రెండు గంటలు ఒకడి వీపు చూడ్డానికి ఎవరొస్తారు? ఇతను తిరగాలి, లేదా నేను సామాను సర్దుకుంటాను."

"వీపు మీద సూర్యుడున్నాడు సార్, చూశారా?" అన్నాడు లూషియస్. "మీ లైట్లు కూడా మిగులుతాయి."

హాలొరన్ నవ్వలేదు. వెర్డెల్ లూషియస్ చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాక్కుపోయింది. అక్కడ హొజేయా ఒక పెట్టె మీద కూర్చుని కర్రలు తుడుచుకుంటున్నాడు.

"ఇవాళ ఏం సాకురా? చెప్పు, వింటాను."

"పొద్దున ఉల్లిపాయలు తిన్నానక్కా. ముందు వరసవాళ్ళు పాపం..."

వెర్డెల్ తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు. ఏడుపొచ్చింది. పదమూడేళ్ళలో వాళ్ళెవరూ చూడని ఏడుపు.

"ఇది పోతే ఇంకేం లేదురా నాకు. అర్థమవుతోందా? క్లబ్బు లేదు, పాట లేదు. నా గొంతు ఇంకో ఏడాది ఉంటే గొప్ప. రేపు నేను చచ్చిపోతే బడిలో కూరలు వండిన మనిషి పోయిందంటారు. అంతే అంటారు. ఒక్క మధ్యాహ్నం... ఒక్క మధ్యాహ్నం ఇటు తిరగలేవూ?"

లూషియస్ ముఖంలో నవ్వు పోయింది. ఆవిడ వైపు చూశాడు, హొజేయా వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"ఒక్క పాటకి," అన్నాడు. "మొదటి పాట. అతని కెమెరాకి కావలసినంత ముఖం దొరుకుతుంది. తర్వాత నన్నొదిలెయ్యి."

"విన్నావా అన్నా? తిరుగుతాడట!" అంది వెర్డెల్ కళ్ళు తుడుచుకుంటూ.

"అవును చెల్లెమ్మా. బాగుంది," అన్నాడు హొజేయా.

హాలొరన్‌ని ఒక్క పాటకి ఒప్పించడానికి ఆవిడ వెళ్ళాక లూషియస్ హొజేయా ముందు గొంతుకూర్చుని చాలాసేపు ఏదో చెప్పాడు. వేళ్ళతో లెక్కపెట్టి చూపించాడు. తన భుజం తట్టి చూపించాడు. పాట మొదలెట్టే ముందు వీడికి ఈ కబుర్లేమిటని, దూరంనుంచి చూసి వెర్డెల్ విసుక్కుంది.

మూడింటికి తెర లేచింది. హాలు నిండా టోపీలు. లూషియస్ జనం వైపు తిరిగి నిలబడేసరికి టోపీలన్నీ ఒకదానివైపొకటి వంగాయి. తర్వాత బాల్కనీ నుంచి ఒకడు, "ఎవడ్రా ఈ కొత్తవాడు? లూషియస్ ఏడీ?" అని అరిచాడు. హాలంతా పగలబడి నవ్వింది. వెర్డెల్ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే పాట అందుకుంది.

అరనిమిషం బాగానే సాగింది. ఆ పాటలో ఒకచోట అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. గాలి కూడా ఆగినట్టుంటుంది. ఆ తర్వాత పదకొండు మందీ ఒకటి మీద దబ్బున దిగుతారు. వాళ్ళ కచేరీకి జనం వచ్చేదే ఆ దిగడం చూడ్డానికి. ఆగారు. దిగారు. దిగడం కాదు, మెట్ల మీంచి గిన్నెల బుట్ట జారినట్టు పడ్డారు. బూరలొక చోట, గిటార్లొక చోట, డ్రమ్ము ఇంకోచోట. ముందు వరసలో ఒక ముసలావిడ, "అయ్యో దేవుడా," అంది. ఆ మాట కెమెరాల్లోకి కూడా ఎక్కింది.

వెర్డెల్ వెనక్కి తిరిగింది. ఎవరని అడిగేలోపే ఒక చెయ్యి పైకి లేచి ఉంది. లూషియస్ చెయ్యి.

క్లీఫస్ గొణిగాడు. "నాకు డ్రమ్ము ఆలస్యమైనట్టు..."

"నేనే," అన్నాడు లూషియస్. "ఇంతమంది ముఖాలు ఒకేసారి చూసి దడుచుకున్నా."

అతను ఆ ఏడాది అంతకుముందే రెండుసార్లు చెయ్యెత్తి ఉన్నాడు. ఇది మూడోది. అది బృందంలో అందరికీ తెలుసు, వెర్డెల్‌కి అందరికంటే బాగా తెలుసు. వెయ్యిమంది జనం, నాలుగు కెమెరాలు, ఆవిడ జీవితంలో చివరి ఆశ. కోపమో దుఃఖమో ఆవిడకే తెలియలేదు.

"ఇవాళ వాయించు," అంది, మైకులో పడినా లెక్కచెయ్యకుండా. "నీ చచ్చు వీపు తిప్పుకునే వాయించు. రేపటినుంచి నీ ముఖం నాకు చూపించకు. ఆ వీపూ చూపించకు."

"అలాగే అక్కా," అన్నాడు లూషియస్. గిరుక్కున వెనక్కి తిరిగాడు. హాలంతా ఈలలు. ఆ ఈలలు విని హాలొరన్ కెమెరాలు ఆపించలేదు.

ఆ తర్వాత రెండు గంటలు ఏం జరిగిందో అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్క ఒకటి కూడా తప్పలేదు. టోపీలు ఎగిరాయి, పాస్టరుగారి భార్య చెప్పులు విడిచేసి నడవాలో ఆడింది, వెర్డెల్ గొంతు చిరిగిన చోటునుంచే కొత్త పాట పుట్టింది. అంత బాగా వాయించారని తెలుస్తున్నకొద్దీ ఆవిడకి ఇంకా కడుపు మండింది. ఇంత చేతనైనవాడు ఆ ఒక్కటీ ఎందుకు పాడుచేశాడు?

మర్నాడు లూషియస్ బతిమాలుకోవడానికైనా రాలేదు. రావద్దన్నది తనే గనక ఎదురుచూడకూడదని వెర్డెల్ గట్టిగా అనుకుంది. గురువారం హొజేయా కూడా రాలేదు. నడుం నొప్పి, ఇక వాయించలేనని చీటీ రాసి పంపాడు. అటు కొత్త బాస్, ఇటు కొత్త డ్రమ్ము. మూడు వారాలు అఘోరించారు. నవంబరులో క్లీఫస్ ట్రంపెట్ అమ్ముకుని డెట్రాయిట్ వెళ్ళిపోయాడు. మిగిలిన ఏడుగురినీ కూర్చోబెట్టి, ఇక చాలు అని చెప్పింది వెర్డెల్. ఎవరూ వాదించలేదు. వాదించి ఉంటే బాగుండునని ఇంటికెళ్ళేటప్పుడు అనుకుంది. ఆ శీతాకాలం ఆవిడ చర్చిలో కూడా పాడలేదు. అద్దంలో తల దువ్వుకుంటూ, ఎవరీ ముసలిదని ఆగి చూసుకున్న రోజులున్నాయి.

ఏప్రిల్లో హాలొరన్ ఫోన్ చేశాడు. సినిమా ఇంకా పూర్తవలేదు, తీసిన ఫిల్ము చుట్లు తీసినట్టే వేసి చూపిస్తాను, శనివారం ఉదయం పదింటికి అదే హాల్లో, బృందమంతా రావాలి అన్నాడు.

"ఇప్పుడు బృందమేం లేదు, బాబూ."

"మీరైతే రండి. వెనక కెమెరాలో ఒక విచిత్రం పడింది. చూసి మీరే చెప్పండి."

శవం ముఖం మళ్ళీ చూడ్డానికి పిలిచినట్టుంది ఆవిడకి. అయినా వెళ్ళింది. ఆలస్యంగా వెళ్ళి, చీకట్లో అన్నిటికంటే వెనక వరసలో కూలబడింది. అక్కడక్కడ పాతవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మొదటి వరసలో ఒకడు మాత్రం కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చుని, తెరకి వీపు పెట్టి, వెనక్కి తిరిగి ఉన్నాడు. గుమ్మడికాయంత జుట్టు.

'ఛీ,' అనుకుంది వెర్డెల్. 'వీడి సినిమాకి కూడా వీడు వీపే చూపిస్తున్నాడు.'

తెర మీద మొదటి పాట వచ్చింది. వెనక కెమెరా. హొజేయా భుజాలు, ఆయన ముందు జనం వైపు తిరిగిన లూషియస్ వీపు, ఆ అవతల టోపీల సముద్రం. హొజేయా మెడ సాచి అటూ ఇటూ చూస్తున్నాడు. లూషియస్ భుజం వంకే చూస్తున్నాడు. దారి తప్పిన మనిషిలా ఉన్నాడు. అందరూ ఆగారు. పదిమందీ దిగారు. ఆయన కర్ర మాత్రం గాల్లోనే ఉంది. వాళ్ళు దిగిన చప్పుడు ఆయనని చేరనే లేదు. ఎవరి వీపో కదలడం చూసి అప్పుడు కొట్టాడు. ఆ దెబ్బకి మిగతావాళ్ళూ చెల్లాచెదురయ్యారు.

తెర మీద లూషియస్ వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. చెయ్యెత్తేశాడు.

తర్వాత తెర నిండా వెర్డెల్ ముఖమే. కళ్ళు ఎర్రగా, నోరు ఇంత పెద్దది చేసుకుని, రేపటినుంచి నీ ముఖం చూపించకని అరుస్తోంది. ఆ మాట హాల్లో మళ్ళీ మోగుతుంటే వెర్డెల్ చేతిసంచీ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సంచీ దించేసరికి తెర మీద లూషియస్ డ్రమ్ముల వైపు తిరిగి ఉన్నాడు. అతను వాయిస్తుండగా ఆ ముఖం ఆవిడ చూడటం ఇదే మొదటిసారి. అందమేమీ లేదు. కనుబొమలు ఎగురుతున్నాయి, కళ్ళు బయటికి పొడుచుకొస్తున్నాయి, బుగ్గలు ఉబ్బుతున్నాయి. నోరు క్షణం ఆగడం లేదు. ఇప్పుడు బూరలు, ఇప్పుడు ఆగు, ఆగు బాబాయ్, ఇంకా ఆగు, గడ్డం పైకెత్తి, ఒకటి! కుడికాలు డ్రమ్ముల బల్ల మీద వేసి, ప్రతి ఒకటికీ మడమతో బల్లని తంతున్నాడు. హొజేయా తల ఆ పెదాల వైపే తిరిగి ఉంది. పాటంతా, కచేరీ అంతా, రెండు గంటలూ.

వెర్డెల్ లేచి నడవా వెంట ముందుకు నడిచింది. రెండో వరసలో హొజేయా కూర్చుని ఉన్నాడు. ఆయనకెదురుగా లూషియస్. తెర మీది నోరూ, హాల్లోని నోరూ ఒకేసారి అంటున్నాయి. ఒకటి. ఒకటి. ఒకటి. హొజేయా మోకాళ్ళ మీద వేళ్ళతో వాయిస్తున్నాడు, ముఖమంతా నవ్వు.

ఆవిడ అక్కడే నడవాలో నేలమీద కూర్చుండిపోయింది. ఆరేళ్ళ వీపు, ఆరేళ్ళ సాకులు, ఆ ఏడాది లేచిన మూడు చేతులు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. దాంతోపాటు ఇంకో సంగతి కూడా తట్టింది. పదిమందిలో తన మాట వినేవాడు ఒక్కడే అని తను ఊరంతా చెప్పుకున్న మనిషికి, తన మాట ఒక్కటీ వినపడలేదు. ఏడుస్తున్నదల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

దీపాలు వెలిగాక లూషియస్ ఆవిణ్ణి చూసి లేవబోయాడు. మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు.

"ఎలా ఉందక్కా సినిమా? నేను సరిగ్గా చూళ్ళేదు."

"చెప్పొచ్చుగా నాకు," అంది వెర్డెల్ లోగొంతుకతో.

లూషియస్ ఒకసారి హొజేయా వైపు చూసి, ఆయనకి పెదాలు కనపడకుండా తల పక్కకి తిప్పుకున్నాడు. "చెబితే ఏం చేసేదానివక్కా?"

వెర్డెల్ ఆలోచించనవసరం లేకపోయింది. మేనల్లుణ్ణే పంపిన మనిషి. మూడు చేతులు లెక్కపెట్టి హొజేయాకి సెలవు చెప్పేది, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినేది. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

"ఆయన బాగా వాయిస్తాడక్కా," అన్నాడు లూషియస్. "మొదలెక్కడో చూపిస్తే చాలు. మిగతాదంతా ఆయన ఒంట్లోనే ఉంది."

వెర్డెల్ లేచి, పావడా దులుపుకుని, వెళ్ళి హొజేయాకి ఎదురుగా నిలబడింది. వంగి, నెమ్మదిగా, పెదాలు బాగా కదిపి చెప్పింది.

"గురువారం. రిహార్సల్. చర్చి కింది గదిలో. ఆరింటికి."

హొజేయా ఆవిడ పెదాల వంక చూశాడు. తర్వాత కళ్ళలోకి చూశాడు. ఆయనకి అర్థమైందని ఆవిడకి అర్థమైంది. ఎప్పటి మాటే వస్తుందని ఎదురుచూసింది.

"ఆరింటికి కుదరదు చెల్లెమ్మా," అన్నాడు హొజేయా. "బస్సు ఉండదు. ఆరున్నర చెయ్యి."

ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఎదురు చెప్పాడు. వెర్డెల్‌కి ఆయన్ని పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"మరి నేను?" అన్నాడు లూషియస్. "నా ముఖం చూపించొద్దన్నావు."

"చూపించొద్దు. చూశాగా తెర మీద. ఒక్కసారి చాలు."

గురువారం ఎనిమిది మంది చేరారు. క్లీఫస్ ఎవరిదో ట్రంపెట్ అడిగి పుచ్చుకుని డెట్రాయిట్ నుంచి బస్సెక్కి వచ్చాడు. వచ్చేసరికి గది వెనకాల గోడకి ఉండాల్సిన డ్రమ్ములు ముందుకొచ్చి, గదికి అడ్డంగా, పక్కవాటున ఉన్నాయి. వాటికెదురుగా లూషియస్ నిలబడితే జనానికి వీపూ కాదు, ముఖమూ కాదు, సగం చెంప కనిపిస్తుంది. యూలాలీ అతని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇప్పుడీ సూర్యుణ్ణి పక్కకి ఎలా జరపాలో తెలియక తల గోక్కుంది.

"ఇదేం పెట్టడం అక్కా?" అన్నాడు క్లీఫస్. "లోకంలో డ్రమ్ములు ఇలా ఎవరైనా పెడతారా?"

గదిలో అందరూ వెర్డెల్ వైపు చూశారు. హొజేయా ఆవిడ పెదాల వైపు చూశాడు. నిజం చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు, అబద్ధం చెప్పడం అలవాటు లేదు. అటూ ఇటూ చూసింది. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది.

"ఆ ఫ్యాను గాలి," అంది వెర్డెల్ గేన్స్, చట్టాలు చేసే మనిషి, గంభీరంగా. "ఎదురుగా కొడుతుంటే నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి. డ్రమ్ములు అడ్డం ఉంటే నయం."

క్లీఫస్ నమ్మలేదు గాని నోరు మూసుకున్నాడు. లూషియస్ బాస్ పట్టీ మెడలో వేసుకుని, హొజేయా వైపు తిరిగి, కాలు బల్ల మీద పెట్టాడు. తిరుగుతూ తిరుగుతూ ఆవిడ చెవి దగ్గర ఆగాడు.

"అది టొలీడోలో నేను వాడేశానక్కా. కొత్తది చూసుకో."